మౌంట్‌బాటెన్-విండ్సర్: మధ్యలో గీత ఎక్కడిది?

2025 అక్టోబర్ 30న బకింగ్‌హామ్ ప్యాలెస్ ఇచ్చిన ప్రకటనలో ఒక చిన్న గీత లేదు. ప్రిన్స్ హోదా పోతున్న, ఛార్లెస్ రాజు తమ్ముడు ఆండ్రూను ఇకపై 'ఆండ్రూ మౌంట్‌బాటెన్ విండ్సర్' అంటారని రాశారు. 1960లో ఎలిజబెత్ రాణి ఈ ఇంటిపేరును ప్రకటించినప్పుడు మధ్యలో హైఫన్ ఉంది. ఏది సరైనదన్న వాదన అలా మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో రాజకుటుంబం జర్మన్ పేరు వదిలి విండ్సర్ అయిన సంగతి తెలిసిందే. అదే 1917లో వారి బంధువులైన బాటెన్‌బర్గ్‌లు మౌంట్‌బాటెన్‌లయ్యారు. ఎలిజబెత్ భర్త ఫిలిప్ 1947లో తీసుకున్నది ఆ పేరే, అంటే మేనమామ ఇంటిపేరు. ఆ మేనమామ మనకు తెలిసిన ఆఖరి వైస్రాయే.

ముడి పడింది 1952లో. ఎలిజబెత్ గద్దెనెక్కగానే, ఇప్పుడు ఏలుతున్నది మౌంట్‌బాటెన్ వంశమేనని ఆ మేనమామ గొప్పలు పోయాడన్న మాట ఆమె నాయనమ్మ మేరీ చెవిన పడింది. తన భర్త పెట్టిన విండ్సర్ పేరు పోకూడదని ఆమె పట్టుదల. చర్చిల్ మంత్రివర్గం అటే నిలబడింది. పిల్లలూ విండ్సర్‌లేనని రాణి ఏప్రిల్ 9న ప్రకటించింది.

ఫిలిప్ మాత్రం దీన్ని మరచిపోలేదు. కన్నబిడ్డలకు తన పేరు ఇచ్చుకోలేని మగవాణ్ణి దేశంలో నేనొక్కణ్ణేనని వాపోయాడని చెప్తారు. నౌకాదళంలో ఉద్యోగం వదులుకుని భార్య వెనక నడిచిన మనిషికి ఆ బాధ సహజం. 1959లో రాణి మళ్లీ గర్భవతి. తల్లి పుట్టింటి పేరుతో పిల్లవాడు పుట్టడం మచ్చేనని ఎడ్వర్డ్ ఐవీ అనే న్యాయవాది ప్రధాని మాక్‌మిలన్‌కు రాశాడు. రాణి మనసంతా ఈ మార్పు మీదే ఉందని, ఆఫ్రికా పర్యటనలో ఉన్న ప్రధానికి మంత్రి బట్లర్ టెలిగ్రామ్ పంపాడు. చివరికి 1960 ఫిబ్రవరి 8న రాజీ కుదిరింది. రాజవంశం పేరు విండ్సర్‌గానే ఉంటుంది. ప్రిన్స్, రాయల్ హైనెస్ హోదాలు లేని వారసులకు మాత్రం మౌంట్‌బాటెన్-విండ్సర్. ఈ పేరు సింహాసనానికి దూరంగా ఉండేవాళ్ల కోసం అన్నమాట.

పదకొండు రోజులకు, ఫిబ్రవరి 19న పుట్టినవాడే ఆండ్రూ.

హోదా ఉన్నవాళ్లకు ఇంటిపేరు అక్కర్లేదు. అయినా 1973 నవంబర్‌లో రాణి కూతురు ఆన్ పెళ్లి రిజిస్టర్‌లో మౌంట్‌బాటెన్-విండ్సర్ అనే రాశారు. 2019లో పుట్టిన హ్యారీ కొడుక్కి పెట్టిన పేరు ఆర్చీ హారిసన్ మౌంట్‌బాటెన్-విండ్సర్. ఈ రెండు చోట్లా గీత ఉంది.