సొంత గిట్ సర్వరా, గిట్‌హబ్బా? మా నెల్లూరు కుర్రోళ్ళు నమ్మే అపోహలు, అసలు సంగతులు

పోయిన వారం ట్రంకురోడ్డులో టీ తాగతా ఉంటే ఒక ఇంజనీరింగ్ కుర్రోడు పట్టుకున్నాడు, "అన్నా, గిట్‌హబ్ మైక్రోసాఫ్ట్‌ది గదా, మన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు దాంట్లో ఎందుకు, సొంత సర్వర్ పెట్టేస్తా" అని. పక్కనున్నోడేమో "ఎందుకురా ఆ గోలంతా, గిట్‌హబ్‌లో పెడితే జన్మకి పోదు" అంటాడు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టేది, గిట్ అంటే ఆ కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే టూలు, గిట్‌హబ్ అంటే దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టుకునే సైటు. వీళ్ళిద్దరూ తప్పే. నేను పన్నెండేళ్ళుగా సర్వర్లు చూసుకునే పనిలో ఉండా, అను ఫాంట్లలో కొట్టిన పాత డీటీపీ ఫైళ్ళని ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి నలుగురం కలిసి నడుపుతా ఉండాం, దాన్ని ఇంట్లో పెట్టి చూశా, బయట పెట్టి చూశా.

అపోహ: పెద్ద కంపెనీ దగ్గరుంటే ఎప్పటికీ ఉంటది.

గూగుల్ కన్నా పెద్ద కంపెనీ యాడుంది? ఇట్టా కోడ్ పెట్టుకునే వాళ్ళ సైటు గూగుల్ కోడ్‌ని మూసేస్తన్నాం అని 2015 మార్చిలో చెప్పి 2016 జనవరికల్లా మూసేశారు. గిటోరియస్ అనే ఇంకో సైటుని గిట్‌ల్యాబ్ (గిట్‌హబ్ లాంటిదే, దాని సాఫ్ట్‌వేర్ మన సర్వర్లోనూ పెట్టుకోవచ్చు) కొనుక్కుంది, అదీ 2015లోనే పోయింది. బిట్‌బకెట్ సైటు ఉంది గానీ 2020లో మెర్క్యూరియల్ (గిట్ లాంటి ఇంకో టూలు) రిపోలని, అంటే కోడ్ పెట్టెలని, తీసేసింది. సోర్స్‌ఫోర్జ్ సైటు అయితే మూసెయ్యలా, 2015లో గింప్ అనే బొమ్మల ఎడిటర్ విండోస్ ఇన్‌స్టాలర్‌కి యాడ్‌వేర్ (అడగని ప్రకటనల సాఫ్ట్‌వేర్) తగిలించి పరువు తీసుకుంది. మన దేశంలోనే 2014 డిసెంబర్‌లో 32 సైట్లు బ్లాక్ చెయ్యమని ఆర్డరొచ్చింది గదా, ఆ లిస్టులో గిట్‌హబ్, సోర్స్‌ఫోర్జ్ రెండూ ఉన్నాయి. తర్వాత ఎత్తేశార్లే.

అపోహ: సొంత సర్వర్ అయితే ఎవడూ చెయ్యి పెట్టలేడు.

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళకి సొంత గిట్ సర్వర్ ఉండేది. 2021 మార్చిలో దాంట్లోకి ఎవరో దొంగ కమిట్లు (కోడ్ మార్పులు) తోశారు, అదీ ఆ భాష మొదలెట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ పేరు మీద, ఇంకో పెద్ద డెవలపర్ పేరు మీద. కంటపడి వెనక్కి తీసేశారు గానీ, ఆ దెబ్బకి సొంత సర్వర్ మానేసి గిట్‌హబ్‌కి మారిపోయారు. అంతకుముందు 2011లో లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) వాళ్ళ సర్వర్లలోకే దూరారు. వాళ్ళకే అట్టా అయితే అప్‌డేట్లు పండక్కోసారి చేసే మనమెంత.

అపోహ: గిట్ డిస్ట్రిబ్యూటెడ్ (ప్రతివాడి దగ్గరా మొత్తం కాపీ ఉంటది) గదన్నా, క్లోన్ (ఆ కాపీ) ఉంటే అన్నీ ఉన్నట్టే.

ఇది నేనూ నమ్మినోడినే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద గిటీ (గిట్‌హబ్ లాంటి సైటుని సొంతంగా నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) పెట్టా, మా నెట్ కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ (బయటోళ్ళు చేరే అడ్రసు) ఇయ్యరు కాబట్టి చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని దాన్నుంచి ఇంటి మిషన్‌కి టన్నెల్ వేసుకున్నా, బ్యాకప్పేమో అదే మిషన్‌లో రెండో డిస్కులోకి. అంత తెలివి మనది! 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది చూడు, అప్పుడు మా వీధిలో కరెంటు పోతా వస్తా పోతా, ఇన్వర్టర్ చేతులెత్తేసి, చివరికి కరెంటు నిలబడేసరికి రెండు డిస్కులూ లేవలేదు. కోడ్‌కి ఏం కాలా, నలుగురి లాప్‌టాపుల్లో పూర్తి హిస్టరీతో ఉంది, ఒక పుష్‌తో (తిరిగి ఎక్కించేసరికి) లేచి కూర్చుంది. పోయిందల్లా ఇష్యూలు. ఏ ఒత్తు ఏ ఫాంట్‌లో తప్పుగా మారతందో డీటీపీ వాళ్ళని బతిమాలి రాయించుకున్న టికెట్లు, కింద జరిగిన వాదనలు, అదంతా డేటాబేస్‌లో ఉంటది, గిట్‌లో ఉండదు, క్లోన్ చేస్తే రాదు.

ఇది ఇంట్లో పెట్టుకున్నోళ్ళ జబ్బే అనుకోబాకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సైట్‌లోనే ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు, చూస్తే పెట్టుకున్న బ్యాకప్పుల్లో చాలావరకు పనిచెయ్యట్లా, ఆరు గంటల డేటా పోయింది. అక్కడా అంతే, రిపోలు బాగానే ఉన్నాయి, పోయినయ్యి ఇష్యూలు, కామెంట్లు, కొత్త అకౌంట్లు. జరిగిందంతా దాచకుండా బయటపెట్టారు, అది మెచ్చుకోవాల.

అపోహ: సొంతంగా అంటే గిట్‌ల్యాబే పెట్టాల, పెద్ద మిషన్ కావాల.

అక్కర్లా. నలుగురికి గిటీనో దాంట్లోంచి పుట్టిన ఫోర్జియోనో ఒక జీబీ ర్యామ్‌లో నడిచిద్ది. వెబ్ పేజీలు వద్దనుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి భద్రంగా పోయే దారి) మీద బేర్ రిపో (హిస్టరీ ఒక్కటే ఉండే రిపో) చాలు.

అపోహ: ఖర్చంటే వీపీఎస్ అద్దె ఒక్కటే.

అద్దె కాదబ్బా, కాపలా. రొయ్యల గుంట పెట్టుకున్నోడు ఏరేటర్ ఆగిందేమో అని అర్ధరాత్రి లేచి చూస్తాడు చూడు, అట్టా ఉంటది. ఇప్పుడు ఏఐ కంపెనీల బాట్లు వచ్చి పడతా ఉన్నాయి, పాత కమిట్లు, బ్లేమ్ పేజీలు (ఏ లైను ఎవరు మార్చారో చూపేవి) ఒక్కోటీ తెరుచుకుంటా పోతాయి, ఆ పేజీ తయారుచెయ్యాలంటే ప్రతిసారీ సర్వర్ కష్టపడాల. వాటి దెబ్బకే లైనక్స్ డెస్క్‌టాప్ చేసే గ్నోమ్ వాళ్ళు 2025లో తమ గిట్‌ల్యాబ్ ముందు అనూబిస్ అనే అడ్డం పెట్టుకున్నారు, బ్రౌజర్ చేత చిన్న లెక్క చేయించాకే లోపలికి రానిస్తది. గ్నోమ్ వాళ్ళకి చూసుకునే మనుషులున్నారు. మాకు నేనొక్కడినే, అదీ ఆఫీసయ్యాక.

అపోహ: గిట్‌హబ్‌లో లేకపోతే ఎవరూ రారు.

కొంత నిజమే, కొత్తోళ్ళకి అకౌంట్ అక్కడే ఉంటది. కానీ డెబియన్, గ్నోమ్, కేడీఈ అనే పెద్ద లైనక్స్ ప్రాజెక్టులు ఇయ్యన్నీ సొంత గిట్‌ల్యాబ్ మీదే నడస్తన్నాయి, కెర్నెల్ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఇప్పటికీ మెయిల్‌లోనే పోతాయి. మా సంగతంటారా, మా వాడకందార్లు యాడా అకౌంట్ తెరవరు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టి "ఇది చూడు తమ్ముడూ" అంటారు, ఇష్యూ రాసుకునేది మేమే.

ఇప్పుడు మా రిపో కోడ్‌బర్గ్‌లో ఉంది, బెర్లిన్‌లో ఉండే లాభాపేక్ష లేని సంఘం అది, ఫోర్జియో నడుపుతారు. గిట్‌హబ్‌లో మిర్రర్ (అచ్చు అదే కాపీ) పెట్టాం, అక్కడికొచ్చినోళ్ళని కాదనట్లా. జనానికి ఇచ్చే లింకు మాత్రం మా సొంత డొమైన్‌ది, రేపు రిపో ఇంకో చోటికి మారితే దాన్ని అటు తిప్పుకుంటే సరిపోతది. ప్రతి ఆదివారం ఒక స్క్రిప్టు రిపోని మిర్రర్ క్లోన్ చేసి, ఇష్యూలని ఏపీఐతో (ప్రోగ్రాములు సైటుని డేటా అడిగే దారి) జేసన్ అనే టెక్స్ట్ ఫైళ్ళుగా దించి, ఒక కాపీ నా దగ్గర, ఇంకోటి ఒంగోల్లో మా ఫ్రెండు ఇంట్లో పెడతది. ఏటా రొట్టెల పండగ సెలవుకి ఆ కాపీలోంచి ఖాళీ మిషన్ మీద మొత్తం లేపి చూస్తా. మొన్న లేపితే నలభై నిమిషాలు పట్టింది, దాంట్లో అరగంట ఒంగోలోడు పాస్‌వర్డు వెతుక్కోడానికే.