బ్రిటన్ పట్టణాల్లో ఈతకొలనులకు, పిల్లల కేంద్రాలకు ముందుగా తాళం పడటం వెనుక చరిత్ర

బ్రిటన్‌లో ఏ పట్టణ కౌన్సిల్ ప్రకటన తీసి చూసినా మూడు విషయాలు తరచుగా పక్కపక్కనే కనిపిస్తాయి: పట్టణ కేంద్రాన్ని పునరుద్ధరించే కొత్త పథకం, ఈతకొలను పనివేళల్లో కోత, సెలవుల్లో పిల్లల కోసం నడిపే కార్యక్రమాల వివరాలు. కోట్ల పౌండ్లు పోసి కొత్తవి కడుతూనే ఉన్నవాటిని ఎందుకు మూసేస్తున్నారన్న సందేహం అక్కడ కౌన్సిల్ పన్ను కట్టే వారందరికీ, వారిలో భాగమైన తెలుగు కుటుంబాలకూ కలుగుతూనే ఉంటుంది. కౌన్సిలర్ల చేతకానితనమనో, ఫలానా పార్టీ పాలన ఫలితమనో అనుకుని ఊరుకుంటే దీనికి సమాధానం దొరకదు. ఈ సేవలకు పుట్టినప్పటి నుంచీ చట్టంలో దక్కిన స్థానమే బలహీనమైనది.

1832లో లివర్‌పూల్‌లో కలరా ప్రబలినప్పుడు, ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన కిట్టీ విల్కిన్సన్ అనే పేద మహిళ తన ఇంట్లోని నీళ్లు కాచే బాయిలరును ఇరుగుపొరుగు వారికి అప్పగించి, రోగుల దుప్పట్లను, బట్టలను అక్కడే ఉతుక్కోనిచ్చింది. పదేళ్లకు, 1842లో, అదే నగరంలోని ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో నగరపాలక సంస్థ పేదల కోసం స్నానశాలను, బట్టలు ఉతుక్కునే శాలను తెరిచింది; 1846లో వాటి నిర్వహణను కిట్టీకి, ఆమె భర్తకు అప్పగించారు. స్నానశాలల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది కూడా ఆ ఏడాదే. స్థానిక పన్నుల సొమ్ముతో ఇటువంటివి కట్టుకునేందుకు ఆ చట్టం పట్టణాలకు అధికారం ఇచ్చిందే తప్ప, కట్టి తీరాలన్న బాధ్యత పెట్టలేదు. 1850 నాటి గ్రంథాలయ చట్టమూ అదే తీరులో వచ్చింది. అయితే 1964లో ఇంగ్లండ్, వేల్స్‌లలో గ్రంథాలయాలు చట్టబద్ధమైన బాధ్యతగా మారాయి. అక్కడ ఈతకొలనులకు ఆ భాగ్యం దక్కలేదు. 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలోని 19వ సెక్షన్ కూడా, తమకు తగినవని తోచిన వినోద, క్రీడా సౌకర్యాలను కల్పించే అధికారాన్ని మాత్రమే కౌన్సిళ్లకు ఇచ్చి ఊరుకుంది.

బాధ్యత లేకపోయినా డబ్బు, పట్టుదల ఉన్నచోట ఎంతటి పని జరిగిందో తెలియాలంటే ఈశాన్య ఇంగ్లండ్‌లోని బిల్లింగ్‌హామ్‌ను చూడాలి. ఐసీఐ అనే కంపెనీ రసాయన కర్మాగారాల చుట్టూ పెరిగిన ఈ చిన్న పట్టణానికి అప్పట్లో ఆ కంపెనీ కట్టే స్థానిక పన్నే పెద్ద ఆదాయంగా ఉండేది. ఆ ధీమాతో అక్కడి కౌన్సిల్ ‘ఫోరం’ అనే భవనాన్ని తలపెట్టింది. 1967లో ప్రారంభమైన ఆ భవనంలో ఈతకొలను, మంచు మైదానం, ఆటల హాలు, నాటకశాల అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. అదీ ఊరి చివర కాకుండా పట్టణ కేంద్రంలో, దుకాణాలకు దగ్గరలో. కార్మికుల కుటుంబం ఒక సాయంత్రం కలిసి బయల్దేరితే, పిల్లలు ఈతకు, యువకులు స్కేటింగ్‌కు, పెద్దలు నాటకానికి ఒకే చోట వెళ్లగలిగేవారు. పట్టణ పునరుద్ధరణ, వినోదం, పిల్లల ఆటలు వేర్వేరు పద్దులు కావని ఇంత స్పష్టంగా గ్రహించిన కౌన్సిళ్లు తరువాతి కాలంలోనూ అరుదే.

ఫోరం తెరుచుకున్న మరుసటి ఏడాదే బిల్లింగ్‌హామ్ కౌన్సిల్ టీస్‌సైడ్ అనే పెద్ద కౌన్సిల్‌లో విలీనమైంది. అనేక మార్పుల తరువాత 1996లో పొరుగు పట్టణమైన స్టాక్‌టన్ కౌన్సిల్ ఆ ప్రాంతపు పూర్తి పాలనను చేపట్టింది. ఈలోగా అంతకన్నా ముఖ్యమైన మార్పు ఒకటి జరిగిపోయింది: 1990 నుంచి ఇంగ్లండ్‌లో వ్యాపార సంస్థల పన్ను రేటును కేంద్రమే నిర్ణయించి, వసూలైన సొమ్మును ఒకచోట చేర్చి పంచడం మొదలుపెట్టింది. తమ ఊరి కర్మాగారం కట్టిన పన్నుతో తమ ఊరికి ఈతకొలను కట్టుకునే దారి అక్కడితో మూసుకుపోయింది. అదే కాలంలో వినోద కేంద్రాల నిర్వహణకు టెండర్లు పిలవడాన్ని తప్పనిసరి చేశారు. దాని వెంటే, పన్ను రాయితీలు లభించే ధర్మకర్తృత్వ సంస్థలకు కేంద్రాలను అప్పగించే పద్ధతి వ్యాపించింది. ఫోరం కూడా అలాగే టీస్ యాక్టివ్ అనే సంస్థ చేతికి వెళ్లింది.

పిల్లల సేవల కథ ఇంకా బాధాకరమైనది. 1998లో ప్రకటించిన ‘ష్యూర్ స్టార్ట్’ పథకం కింద, ఐదేళ్లలోపు పిల్లలకు, తల్లిదండ్రులకు ఆట, ఆరోగ్యం, సలహా ఒకేచోట అందించే కేంద్రాలు 2010 నాటికి ఇంగ్లండ్‌లో 3,600 దాకా ఏర్పడ్డాయి. ఇక్కడ చట్టంలో బాధ్యత ఉంది; కానీ కేంద్రాలు ‘తగినన్ని’ ఉండాలని మాత్రమే అందులో రాసి, ఎన్నయితే తగినన్నో చెప్పలేదు. 2010 తరువాత కేంద్ర ప్రభుత్వ నిధులు తగ్గుతూ, వృద్ధుల సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల బాధ్యతల ఖర్చు పెరుగుతూ పోవడంతో, దశాబ్దం గడవకముందే ఈ పథకంపై వ్యయం మూడింట రెండు వంతులు పడిపోయింది. 2021 నుంచి ఇంగ్లండ్ అంతటా నడుస్తున్న సెలవు కార్యక్రమాల పథకం, పేద పిల్లలకు ఆటలతో పాటు భోజనం పెడుతున్న మంచి పథకమే. అయితే సెలవు రోజులకు పరిమితమైన ఏర్పాటు ఏడాది పొడవునా తెరిచి ఉండే కేంద్రానికి ప్రత్యామ్నాయం కాలేదు.

ఇక పునరుద్ధరణ నిధుల విషయం. 2018 తరువాత కేంద్ర ప్రభుత్వం నుంచి వరుసగా వచ్చిన హై స్ట్రీట్స్, టౌన్స్, లెవెలింగ్ అప్ నిధులు ప్రధానంగా నిర్మాణ వ్యయానికి ఉద్దేశించినవి. వాటిలో హై స్ట్రీట్స్, లెవెలింగ్ అప్ నిధులు, ఒకదానితో ఒకటి పోటీపడి దరఖాస్తు చేసుకున్న పట్టణాల్లో కొన్నింటికే దక్కాయి. స్టాక్‌టన్ కౌన్సిల్ 2019లో క్యాసిల్‌గేట్ షాపింగ్ కేంద్రాన్ని కొని, దాన్ని కూల్చి, నది ఒడ్డున పెద్ద పార్కు నిర్మాణాన్ని చేపట్టింది. ఆ పట్టణానికి హై స్ట్రీట్స్ నిధి నుంచి సుమారు 1.65 కోట్ల పౌండ్లు మంజూరయ్యాయి. దుకాణాలు తగ్గించి నదిని మళ్లీ ప్రజలకు చూపించాలన్న ఆలోచన, నా ఉద్దేశంలో, సాహసమైనది, సరైనది కూడా. కానీ ఇటువంటి నిర్మాణ నిధుల నుంచి ఈత నేర్పే శిక్షకుడి జీతం గానీ, కొలను నీళ్లు వేడిచేసే గ్యాసు బిల్లు గానీ చెల్లించడం కుదరదు. 2022లో ఇంధన ధరలు పెరిగినప్పుడు కొలనులు ఒక్కసారిగా కుదేలయ్యాయి. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ప్రభుత్వం వాటికోసం ప్రత్యేకంగా 6 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించవలసి వచ్చింది.

లెక్కలు పూర్తిగా తలకిందులైన కౌన్సిల్, ఖర్చుకు సరిపడా ఆదాయం లేదని తెలిపే 114వ సెక్షన్ నోటీసు జారీ చేస్తుంది. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చేసింది అదే. అప్పటి నుంచి చట్టం తప్పనిసరి చేసిన సేవలకు మినహా కొత్త ఖర్చు ఆగిపోతుంది కనుక, 1846 నుంచి ఐచ్ఛికంగా మిగిలిన సేవలే ముందుగా కోతకు గురవుతాయి. వేల్స్ 2010లో వేరే దారి పట్టింది: తమ పరిధిలోని పిల్లలకు ఆడుకునే అవకాశాలు చాలినన్ని ఉన్నాయో లేదో ప్రతి కౌన్సిల్ అంచనా వేయాలని, ఆచరణ సాధ్యమైనంత మేరకు వాటిని కల్పించాలని చట్టం చేసింది. 2014 నుంచి ఆ రెండో బాధ్యత కూడా అక్కడ అమలులో ఉంది.