యుద్ధం నడిచే చోట మహమ్మారి లెక్కలు: అపోహలు - వాస్తవాలు

మహమ్మారుల్లో మరణాల లెక్కలు చూడటమే నా పని. కోవిడ్ పట్టికలు తిరగేసినవాళ్లు నాతో తరచూ అనే మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: యుద్ధంలో నలిగిన యెమెన్ లాంటి దేశాల్లో కోవిడ్ చావులు తక్కువే.

వాస్తవం: అధికారిక లెక్కలో యెమెన్ కోవిడ్ మరణాలు దాదాపు 2,150. జనాభా సుమారు 3 కోట్లు, అంటే లక్షకు ఏడుగురు. ఆ ఏళ్లలో యుద్ధం ఊసే లేని పెరూలో లక్షకు 600 పైమాటే. యెమెన్ వాళ్లు అదృష్టవంతులు అనిపిస్తుంది కదా? అదే పట్టికలో పక్క గడి చూడండి. యెమెన్‌లో పాజిటివ్ అని తేలిన ప్రతి 100 మందిలో 18 మంది పోయారు. ప్రపంచంలో అంత రేటు ఇంకెక్కడా దాదాపు లేదు. రెండు అంకెలూ తప్పుదోవ పట్టించేవే. టెస్టులు కరువు కాబట్టి ఊపిరాడక ఆస్పత్రికి చేరినవాళ్లే కేసుల్లోకి ఎక్కారు. ఇళ్లలో పోయినవాళ్లు ఏ లెక్కలోనూ లేరు. రాజధాని సనాను ఏలుతున్న హౌతీ తిరుగుబాటుదారులు 2020లో బయటపెట్టినవి నాలుగే కేసులు!

అందుకే పరిశోధకులు యెమెన్ రేవు నగరం ఏడెన్‌లో శ్మశానాల శాటిలైట్ ఫొటోలు ముందేసుకుని కొత్త సమాధులు లెక్కపెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మామూలుగా జరిగేవాటికంటే సుమారు 2,100 ఖననాలు ఎక్కువ. దేశం మొత్తానికి ఇన్నేళ్లలో చూపించిన సంఖ్య, ఒక్క ఏడెన్‌లో ఆరు నెలల్లోనే. అవన్నీ కోవిడ్ చావులేనా అంటే, కాదు. ఆ వేసవిలోనే అక్కడ వరదలు, డెంగీ కూడా వచ్చాయి. చాలా ఆస్పత్రులు రోగులను చేర్చుకోలేదు.

అపోహ: యుద్ధం ఉంటే ఏ జబ్బుకైనా మరణాల రేటు పెరిగి తీరుతుంది.

వాస్తవం: అదే యెమెన్‌లో 2017లో కలరా అనుమానిత కేసులు 10 లక్షలు దాటాయి. మరణాలు 2,200 పైచిలుకు, అంటే వెయ్యికి ఇద్దరు. (మామూలు విరేచనాలూ కేసుల్లో కలిశాయి, కాబట్టి అసలు రేటు కొంత ఎక్కువే.) కలరాకు ఓఆర్ఎస్, సెలైన్ ఉంటే గుడారంలోనైనా బతికించొచ్చు. కోవిడ్‌కు ఆక్సిజన్ కావాలి. దానికి కరెంటు ఉండాలి, సిలిండర్ల లారీ చెక్‌పోస్టులన్నీ దాటి రావాలి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

అపోహ: టీకా వస్తే చాలు.

వాస్తవం: 2018-20లో సాయుధ పోరు నడుస్తున్న తూర్పు కాంగోలో ఎబోలా టీకా 3 లక్షల మందికి పడింది. అయినా 2,287 మంది చనిపోయారు. కాట్వా, బుటెంబోల్లో చికిత్సా కేంద్రాలపై దాడులు జరిగాయి. 2019 ఏప్రిల్‌లో డబ్ల్యూహెచ్ఓ డాక్టర్ రిచర్డ్ ముజోకోను కాల్చి చంపారు. దాడి జరిగిన ప్రతిసారీ రోగిని ఎవరెవరు కలిశారో ఆరా తీసే బృందాలు ఆగిపోతాయి. ఇక టీకా ఎవరికి వెయ్యాలో తెలీదు.

అపోహ: 1918 ఫ్లూ చంపింది ముఖ్యంగా మొదటి ప్రపంచయుద్ధ భూమిలో ఉన్నవాళ్లనే.

వాస్తవం: ఎక్కువమందిని పోగొట్టుకున్నది మన దేశమే. అంచనాలు కోటీ 20 లక్షల నుంచి మొదలవుతాయి. బొంబాయి రేవులో దిగిన జబ్బు రైళ్లెక్కి ఊళ్లకు చేరింది. ఆ ఏడాది వానలు లేవు, తిండిగింజల ధరలు మండుతున్నాయి. డాక్టర్లలో చాలామంది అప్పటికి సైన్యం వెంట విదేశాల్లో ఉన్నారు.