చిన్నప్పుడే ఆపరేషన్ అయిపోయిందిగా, ఇప్పుడు స్కాన్ ఎందుకు?

కొందరు ఆడపిల్లలు మలద్వారం లేకుండా పుడతారు. కొందరిలో మూత్రం, యోని, మలం దారులు మూడూ కలిసి ఒకే రంధ్రంగా ఉంటాయి, దాన్ని క్లోయేకా అంటాం. వీళ్లకు పసితనంలోనే ఆపరేషన్ చేస్తారు. పన్నెండు, పదమూడేళ్లకు కడుపునొప్పితో స్కాన్ గదికి వచ్చినప్పుడు రేడియాలజిస్టుగా నేను వినే మాటలివి.

అపోహ: ఆపరేషన్‌లోనే అన్నీ చూసేసి ఉంటారు.
వాస్తవం: అప్పటి గర్భసంచి సుమారు 3 సెంటీమీటర్ల గొట్టం. అది రెండుగా ఉందా, దారి మూసుకుందా అన్నది అప్పుడు తేలకపోవచ్చు. అందుకే రొమ్ములు ఎదగడం మొదలయ్యాక 6 నుంచి 9 నెలలకు ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించమంటాం. మొదటి నెలసరికి అప్పటికింకా టైముంటుంది.

అపోహ: పీరియడ్స్ వస్తున్నాయంటే అడ్డేమీ లేనట్టే.
వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ ఈ మాటతోనే. గర్భసంచి రెండుగా ఉంటే ఒకవైపు నెలసరి మామూలుగానే వస్తుంది, రెండోవైపు రక్తం లోపలే నిలిచిపోతుంది. నొప్పి నెలనెలా పెరుగుతుంటే 'అందరికీ ఉండేదేలే' అని టాబ్లెట్ ఇస్తారు. అల్ట్రాసౌండ్‌లో ఆ నిలిచిన రక్తం సన్నటి బూడిద చుక్కలు నిండిన సంచిలా కనిపిస్తుంది. ఎంఆర్ఐలో కొవ్వును మసకబరిచి తీసిన టీ1 అనే రకం బొమ్మల్లో ఆ పాత రక్తం తెల్లగా మెరుస్తుంది. ఆలస్యమైతే అది అండాలు వచ్చే ట్యూబుల గుండా వెనక్కి పారి ఎండోమెట్రియోసిస్‌కు, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడానికి, దారితీయొచ్చు. చాలాసార్లు అడ్డున్న వైపే కిడ్నీ కూడా ఉండదు. పాత రిపోర్టులో ఒక్క కిడ్నీ అని చూస్తే, కిడ్నీ లేని వైపు రెండుసార్లు వెతుకుతాను.

అపోహ: నీటితిత్తి కనిపిస్తే అండాశయం తీసేయాల్సిందే.
వాస్తవం: పాత ఆపరేషన్ల వల్ల లోపల అతుకులు ఏర్పడతాయి. అండాశయం నుంచి వచ్చే ద్రవం వాటి మధ్య చిక్కి తిత్తిలా కనిపిస్తుంది. గూట్లో సాలీడులా అండాశయం అందులోనే క్షేమంగా ఉంటుంది. తొందరపడితే మంచి అండాశయం పోతుంది.

అపోహ: ఎంఆర్ఐలో రేడియేషన్ ఉంటుంది.
వాస్తవం: ఉండదు. అది సీటీ సంగతి.

అపోహ: స్కాన్ అంటే లోపలికి ఏదో పెడతారు.
వాస్తవం: ఈ పిల్లలకు పొట్ట మీదనుంచే చేస్తాం. కాకపోతే బ్లాడర్ నిండుగా ఉండాలి. ట్యూబ్‌తో మూత్రం తీసుకునే పిల్లలు బుద్ధిగా ఖాళీ చేసుకుని వచ్చేస్తారు, మాకేమీ కనిపించదు! పేగు ముక్క కలిపి బ్లాడర్‌ను పెద్దది చేసి ఉంటే ఆ బ్లాడరే తిత్తిలా భ్రమ కలిగిస్తుంది. ఖాళీ చేయించి మళ్లీ చూస్తే గుట్టు బయటపడుతుంది. అందుకే వచ్చేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మంటాను, చిరిగిపోయినా సరే.