ఘాట్ రోడ్డెక్కితేనే జారే క్లచ్

తిరుపతి ఊళ్లో తిరిగినంతసేపూ బండికి ఏ రోగమూ కనబడదు. లీలామహల్ సర్కిల్‌లో ఆగి కదిలినా, కొర్లగుంట సందుల్లో తిప్పినా, తిరుచానూరు రోడ్డు మీద యాభైలో పోయినా మామూలుగానే పోతుంది. అలిపిరి దాటి, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు పట్టాక అసలు సంగతి బయటపడుతుంది. ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. గేరు తగ్గిస్తే కాసేపు లాగుతుంది. పై గేరు వేసి మళ్లీ తిప్పగానే అదే మోత. కిందికి దిగొచ్చి మెకానిక్‌తో చెబితే సగం మాటలోనే తీర్పు వచ్చేస్తుంది: "క్లచ్ ప్లేట్లు పోయినాయ్ అన్నా, సెట్టు మార్చేద్దాం."

పోయి ఉండొచ్చు. అయితే ఈ గొడవ ఆయిల్ మార్పించిన తర్వాతే మొదలై ఉంటే, ప్లేట్ల మీద డబ్బు పెట్టేముందు ఆయిల్ డబ్బా మీద ఏం రాసుందో చూడాలి. కొత్త ప్లేట్లను సైతం జారేలా చేసే ఆయిళ్లు ఉన్నాయి. అవి కల్తీ సరుకేమీ కాదు, చవక సరుకూ కాదు. కారులో పోస్తే చక్కగా పనిచేసేవే.

కారు క్లచ్ సాధారణంగా పొడిగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌కీ దానికీ సంబంధం లేదు. మన గేరు బండ్లలో అలా కాదు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ మూడింటికీ ఒకే ఆయిల్, అదీ ఒక లీటరు లోపో, కాస్త పైనో. పిస్టన్‌ని జారనివ్వాల్సిందీ ఆ ఆయిలే, క్లచ్‌ని జారకుండా ఉంచాల్సిందీ ఆ ఆయిలే. తిరగలేసి చూస్తే ఇది విచిత్రమైన కోరిక. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో ఈ తలనొప్పి లేదు. వాటిలో ఇంజిన్ ఆయిల్ వేరు, క్లచ్ ఉండే చైన్ కేసు ఆయిల్ వేరు, గేర్‌బాక్స్‌ది వేరు. మూడు చోట్ల మూడు మూతలు విప్పాలని విసుక్కునేవాళ్లుగానీ, ఒకదానిలో పొరపాటు ఇంకోదానికి అంటేది కాదు.

క్లచ్ కవరు విప్పి చూస్తే లోపల గుండ్రటి ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి ఫ్రిక్షన్ ప్లేటు, దాని పక్కన ఒకటి నున్నటి స్టీలు ప్లేటు, మళ్లీ ఫ్రిక్షన్ ప్లేటు, ఇలా. ఫ్రిక్షన్ ప్లేటు మీద కార్క్‌తోనో, కాగితపు పీచునూ రెజిన్‌నూ కలిపి చేసిన పదార్థంతోనో చిన్న చిన్న బిళ్లలు అంటించి ఉంటాయి. బిళ్లకీ బిళ్లకీ మధ్య సన్నటి గాళ్లు. స్ప్రింగులు ఈ దొంతర మొత్తాన్నీ నొక్కిపట్టగానే మధ్యనున్న ఆయిల్ ఆ గాళ్లలోంచి బయటికి పోతుంది. పోగా మిగిలేది అణువుల మందాన ఉండే పొర. ఇంజిన్ బలమంతా ఆ పొర మీదుగానే చక్రానికి చేరాలి.

ఆయిల్ ఎప్పుడు తేలుస్తుంది, ఎప్పుడు పట్టనిస్తుంది అన్నదానికి ఒక లెక్క ఉంది. బేరింగుల్లో వేగాన్నిబట్టి, బరువునుబట్టి ఘర్షణ ఎలా మారుతుందో జర్మన్ ఇంజినీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో కొలిచి గీత గీసి చూపించాడు. వేగం ఎక్కువగా ఉంటే రెండు లోహాలూ ఆయిల్ మీద తేలుతాయి. అప్పుడు ఆయిల్ చిక్కదనానిదే రాజ్యం. వేగం తగ్గి ఒత్తిడి పెరిగితే తేలడం ఆగిపోయి, గరుకులు గరుకులకు తగులుతాయి. అక్కడ పట్టు ఎంతన్నది ఆయిల్‌లో కలిపిన రసాయనాలను బట్టే ఉంటుంది. బిగిసి ఉన్న క్లచ్ ఈ రెండో స్థితిలో ఉంటుంది.

సరిగ్గా ఈ చోట కారు ఆయిల్ తయారుచేసేవాళ్లు ఒక పని చేస్తారు. మైలేజీ కోసం ఫ్రిక్షన్ మాడిఫయర్లు, అంటే ఘర్షణ తగ్గించే రసాయనాలు, కలుపుతారు. వాటిలో కొన్ని పొడవాటి అణువులు. ఒక కొస లోహాన్ని కరుచుకుని రెండో కొస పైకి లేచి నిలబడుతుంది. మాలిబ్డినం కలిసినవి ఇంకోరకం. వేడికి, ఒత్తిడికి అవి లోహం మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరగా మారతాయి. రెంటి ఫలితమూ క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లినట్టే. పిస్టన్ రింగులకు అది వరం. క్లచ్‌లో మాత్రం గరుకు గరుకును పట్టుకోవాల్సిన చోటికే వెళ్లి అది కూర్చుంటుంది.

ఎంత నష్టమో అంకెల్లో చూద్దాం. ఉదాహరణకు 4 ఫ్రిక్షన్ ప్లేట్లున్న క్లచ్ అనుకుందాం, అంటే 8 ముఖాలు. స్ప్రింగుల బలం 800 న్యూటన్లు, ప్లేట్ల సగటు వ్యాసార్ధం 4.5 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.12. ఈ నాలుగూ గుణిస్తే క్లచ్ మోయగల టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 35 న్యూటన్ మీటర్లు. 100 సీసీ ఇంజిన్ ఇచ్చేది 8 న్యూటన్ మీటర్లే అయినా, క్లచ్ చేరేలోపు, మధ్యలో ఉండే ప్రైమరీ గేర్ల దగ్గర అది మూడు రెట్లవుతుంది, అంటే 24. మోయగలిగింది 35, మోయాల్సింది 24. చేతిలో 11 మిగులు. ఇప్పుడు ఆయిల్ మారి గుణకం 0.08కి పడిపోయిందనుకోండి. 35 కాస్తా 23 అవుతుంది. ఎక్సలేటర్ సగం తిప్పితే ఇంజిన్ 24 ఇవ్వదు కాబట్టి క్లచ్ జారదు, మనకు తెలియదు. పూర్తిగా తిప్పిన క్షణాన జారుతుంది.

ఊళ్లో కనబడని జబ్బు కొండ మీద కనబడేది అందుకే. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 18 కిలోమీటర్ల రోడ్డులో దాదాపు 700 మీటర్లు పైకి ఎక్కాలి. పైకి వెళ్లడానికి 1974లో వేసిన రోడ్డు, దిగడానికి 1944 నాటి పాత రోడ్డు. ఎక్కేటప్పుడు పై గేరులో ఎక్సలేటర్ ఎక్కువసేపు పూర్తిగా తెరిచే ఉంటుంది. మొదటి గేరులోనూ క్లచ్ మీదికి ఇంజిన్ టార్కే వస్తుందిగానీ, బండి ఒక్క దూకులో వేగం అందుకుంటుంది. ఆ టార్క్‌లో కొంత ఇంజిన్ తన ఫ్లైవీల్‌నే తిప్పుకోవడానికి పోతుంది. పై గేరులో చడావు ఎక్కుతున్నప్పుడు ఆ సౌకర్యం లేదు, మొత్తం భారం క్లచ్ మీదే, నిమిషాల తరబడి. గేరు తగ్గిస్తే అదే కొండను తక్కువ టార్క్‌తో ఎక్కవచ్చు, మనమూ తక్కువ తిప్పుతాం, జారడం ఆగుతుంది. ఇక దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్‌కి క్లచ్ మోయాల్సింది చాలా తక్కువ, అందుకని బండి బుద్ధిగా దిగుతుంది. "ఏదో వేడికి అలా అయింది, ఇప్పుడు బాగానే ఉంది" అనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేవాళ్లదీ, భాకరాపేట ఘాట్‌లో పోయేవాళ్లదీ ఇదే అనుభవం.

వదిలేస్తే ఏమవుతుంది? చడావులో ఇంజిన్ 4 కిలోవాట్లు ఇస్తూ, క్లచ్ పదో వంతు జారుతోందంటే 400 వాట్లు ప్లేట్ల మధ్యే వేడిగా మారుతున్నాయి. స్టీలు ప్లేట్లన్నీ కలిపి 400 గ్రాములనుకుంటే, ఆయిల్ ఆ వేడిని లాక్కుపోకపోతే సెకనుకు 2 డిగ్రీల చొప్పున వేడెక్కుతాయి. నిమిషానికి 120 డిగ్రీలు. ఆయిల్ చాలావరకు లాక్కుపోతుంది, నిజమే. కానీ రాపిడి జరిగే ముఖం ఎప్పుడూ ప్లేటు సగటు వేడికన్నా చాలా ఎక్కువ వేడిలో ఉంటుంది. ఆయిల్ వల్ల మొదలైన జారుడు ప్లేట్లను కాల్చేదాకా పోయేది ఈ దారిలోనే. మొదట్లో ఆయిల్ మారిస్తే పోయే జబ్బు తర్వాత ఆయిల్ మార్చినా పోదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, జారుతున్నది నిజంగా క్లచ్చేనా అని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, కంప్రెషన్ తగ్గినా బండి లాగదు, కానీ అప్పుడు మోత కూడా పెరగదు. రెండూ కలిసే చస్తాయి. మోత పెరిగి వేగం పెరగకపోతేనే క్లచ్. ఆర్పీఎం మీటరున్న బండికి ఇది చూపుతోనే తెలుస్తుంది. పై గేరులో వేగానికీ ఆర్పీఎంకీ మధ్య లెక్క మారదు. 50 వేగంలో 4000 చూపిస్తే 60లో 4800 చూపించాలి. 5500 చూపిస్తే ఆ అదనపు 700 క్లచ్‌లో పోతున్నట్టు, అంటే ఎనిమిదో వంతు. మీటరు లేని బండికి చెవే మీటరు. ఖాళీ రోడ్డు మీద, కాస్త చడావులో, పై గేరులో నలభై మీద ఉండి ఒక్కసారిగా పూర్తిగా తిప్పితే మోత ముందు పోయి బండి వెనకబడుతుందా లేదా తెలిసిపోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాలి, పొద్దున్నే తీసిన బండితో కాదు. బండిని నిలబెట్టి, బ్రేకు పట్టి, పై గేరులో క్లచ్ వదిలి ఇంజిన్ ఆగుతుందో లేదో చూసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. పూర్తిగా చచ్చిన క్లచ్‌ని మాత్రమే అది పట్టిస్తుంది, పైగా ఉన్న ప్లేట్లను ఇంకాస్త కాలుస్తుంది. నాకది నచ్చదు. న్యూట్రల్‌లో మాత్రమే కిక్ కొట్టాల్సిన పాత బండ్లలో ఇంకో గుర్తుంది. వాటిలో కిక్ బలం క్లచ్ ప్లేట్ల గుండానే ఇంజిన్‌కి పోతుంది, క్లచ్ బాగా జారుతుంటే కిక్ మెత్తగా దిగిపోతుంది.

క్లచ్చే అని తేలాక కేబుల్. లివర్ కొస దగ్గర ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఆట ఉండాలి. ఆట లేకపోతే మనం పట్టుకోకుండానే లివర్ కొంచెం నొక్కిపట్టినట్టు ఉంటుంది, క్లచ్ జారుతుంది. అరిగిన ప్లేట్లకు ఇదొక ఆనవాలు కూడా: చాలా బండ్లలో ఫ్రిక్షన్ ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతూ వస్తుంది, మాటిమాటికీ వదులు చేయించుకోవాల్సి వస్తుంది. ఆట సరిగ్గా ఉండి, నెలల తరబడి ఎవరూ కేబుల్ ముట్టుకోక, ఆయిల్ మార్చిన కొద్దిరోజులకే జారుడు మొదలైతే అనుమానం నేరుగా ఆయిల్ మీదికే పోవాలి. షెడ్‌లో ఈ ఒక్క ప్రశ్న, "ఆయిల్ ఎప్పుడు మార్చినారు, ఏ డబ్బా పోసినారు?" అన్నది, అన్నిటికంటే ముందు అడగాల్సింది. చాలాచోట్ల అడగరు.

డబ్బా మీద జనం చూసేది 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-50 అన్న అంకెలు. అవి చిక్కదనం సంగతి చెబుతాయి, క్లచ్ సంగతి చెప్పవు. మరీ చిక్కటి ఆయిల్ పోస్తే వచ్చేది దీనికి ఉల్టా జబ్బు: పొద్దున్నే ప్లేట్లు విడిపడక గేరు పడేటప్పుడు బండి ముందుకు దూకుతుంది, న్యూట్రల్ దొరకదు. క్లచ్ కోసం చూడాల్సిన అక్షరాలు వేరే ఉన్నాయి. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో 1998లో నాలుగు స్ట్రోకుల మోటార్‌సైకిల్ ఆయిళ్లకు టీ 903 అనే ప్రమాణం తెచ్చింది. అసలైన క్లచ్ ప్లేట్లను ఆ ఆయిల్‌లో ముంచి, యంత్రం మీద తిప్పి ఆపి, జారేటప్పటి పట్టు ఎంత, కదలబోయే ముందు పట్టు ఎంత, ఆగడానికి ఎంతసేపు పట్టింది అని కొలుస్తారు. పట్టు ఎక్కువుంటే ఎంఏ, తక్కువుంటే ఎంబీ. 2006లో ఎంఏని మళ్లీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. రెండోదానిలో పట్టు ఎక్కువ. ఎంబీ ప్రధానంగా గేర్లు లేని స్కూటర్ల కోసం. వాటి క్లచ్ ఆయిల్‌కి దూరంగా బెల్టు వైపు పొడిగా ఉంటుంది కాబట్టి నున్నటి ఆయిల్ వాటికి మేలే.

చిక్కంతా ఇక్కడుంది. స్కూటర్ ఆయిలూ 10డబ్ల్యు-30 ఉంటుంది, 100 సీసీ బండి ఆయిలూ 10డబ్ల్యు-30 ఉంటుంది. ఒకే అరలో, ఒకే రంగు డబ్బాల్లో. అంగట్లో కుర్రాడు అంకె చూసి చేతికందింది ఇస్తాడు, మనం అంకె చూసి తెచ్చుకుంటాం. కారు ఆయిళ్లకు జాసో ముద్ర సాధారణంగా ఉండదు. వాటి మీద అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ గుండ్రటి ముద్ర కింది సగంలో రిసోర్స్ కన్సర్వింగ్ (ఇంధనం ఆదా చేసేది) అని ఉంటే గేరు బండికి పనికిరాదు. పాత డబ్బాల మీద ఎనర్జీ కన్సర్వింగ్ అని ఉండేది. కారు ఆయిల్ పోస్తే ప్రతి క్లచ్చూ జారుతుందనేది మాత్రం అతిశయోక్తి. లారీలకు పోసే 15డబ్ల్యు-40లో సాధారణంగా ఈ మాడిఫయర్లు ఉండవు, పోసుకుని ఏళ్లు తోలినవాళ్లూ ఉన్నారు. కానీ "వాళ్లకేం కాలేదు" అన్నది డబ్బా చదవకపోవడానికి సాకు కాకూడదు. ఇంజిన్ నున్నగా తిరుగుతుందని విడిగా పోసే చిన్న సీసాల మీదా నాకు ఇదే అనుమానం. ఆఖరి మాట బండితో వచ్చిన పుస్తకానిది.

బాగుచేయడం సులువే, ఓపిక ఉంటే. ఇంజిన్ వేడిగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పి, బండిని నిటారుగా నిలబెట్టి చివరి చుక్కదాకా కారనివ్వాలి. అయినా మొత్తం రాదు. విప్పి బిగించిన ఇంజిన్‌కి ఒక లీటరు పట్టే బండిలో డ్రెయిన్ చేస్తే వచ్చేది 800 మిల్లీలీటర్లే కావచ్చు. మిగతా ఐదో వంతు గేర్ల సందుల్లోనూ ప్లేట్ల రంధ్రాల్లోనూ ఉండిపోతుంది. అందుకే ఎంఏ2 ఆయిల్ ఒకసారి పోసి, రెండు మూడు వందల కిలోమీటర్లు ఎక్కువ భారం పెట్టకుండా తోలి, మళ్లీ మార్చాలి. రెండోసారికి పాతది ఇరవై అయిదో వంతుకు దిగుతుంది. లోహానికి అంటుకున్న పొర పోవడానికీ ఆ మాత్రం తిరుగుడు కావాలి. చాలా బండ్లు ఇంతటితోనే కుదుటపడతాయి.

కుదుటపడకపోతే అప్పుడు క్లచ్ కవరు విప్పాలి. స్టీలు ప్లేటు మీద నీలం మరకలు కనబడితే అది సుమారు 300 డిగ్రీల వేడి చూసిందని అర్థం. అద్దం ముక్క మీద బోర్లా పెట్టి అంచులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరుతుందేమో చూస్తే వంకర తెలుస్తుంది. ఫ్రిక్షన్ ప్లేటు బిళ్లలు గరుకుపోయి నల్లగా మెరుస్తూ ఉంటే, మందం సరిపడా ఉన్నా దాని పని అయిపోయినట్టే. ఎమరీ కాగితంతో రుద్ది పెట్రోల్లో కడిగి పెట్టేస్తారు కొందరు. పది రోజులకు మళ్లీ షెడ్డుకే వస్తుంది ఆ బండి. స్ప్రింగులను వెర్నియర్‌తో కొలిచి, పొట్టివైతే అవీ మార్చాలి. కొత్త ప్లేట్లను బిగించేముందు సరైన ఆయిల్‌లోనే నానబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సెట్టు మార్చి పాత ఆయిల్‌నే తిరిగి పోయనివ్వకూడదు. కొత్త ప్లేట్లు వేసినా వారానికే జారుతోందని వచ్చే బండ్లలో ఇదీ ఒక కారణం.

తప్పుగా కొన్న ఎంబీ డబ్బాలో సగం మిగిలుంటే పారెయ్యక్కర్లేదు. ఇంట్లో స్కూటర్ ఉండి, దాని పుస్తకంలో అదే గ్రేడు రాసి ఉంటే, మూత గట్టిగా బిగించి దాని తర్వాతి ఆయిల్ మార్పు కోసం దాచుకోవచ్చు.