సున్నం పడిన కంటికి మూలకణాల చికిత్స: ఆరు దశాబ్దాల నేపథ్యం

పల్నాడులోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపడిన ఊరు. అయితే కంట్లో సున్నం పడే ప్రమాదం బట్టీల దగ్గర పనిచేసేవారికే పరిమితం కాదు. గుంటూరులోనో విజయవాడలోనో ఇంటికి వెల్లవేసే కూలీకీ, తాంబూలానికి తెచ్చిన సున్నపు పొట్లాన్ని గట్టిగా నొక్కిన పసివాడికీ అదే ముప్పు. ఆమ్లం తగిలిన చోట మాంసకృత్తులు గడ్డకట్టి కొంత అడ్డు ఏర్పడుతుంది. సున్నం వంటి క్షారం అలా ఆగదు. కణాల పొరల్లోని కొవ్వును కరిగిస్తూ లోపలికి దిగుతుంది. అందుకే ఆ క్షణంలో చేయవలసిన మొదటి పని ఆసుపత్రికి పరుగెత్తడం కాదు, అందుబాటులో ఉన్న శుభ్రమైన నీటితో కంటిని చాలాసేపు ఆపకుండా కడగడం. ఆ తరువాతే డాక్టరు దగ్గరకు.

ఇలా కాలిన కంటికి నేత్రదానంలో వచ్చిన కార్నియాను, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొరను అమర్చినా, కొంతకాలానికే అది మసకబారిపోయేది. లోపం కుట్టిన చేతిలో లేదు. కార్నియా పైపొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది, ఆ కొత్త కణాలను పుట్టించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో, అంటే లింబస్‌లో ఉంటాయి. సున్నం ఆ అంచును కాల్చేశాక, దాత కార్నియా ఎంత నిర్మలంగా ఉన్నా దాని పైపొరను నిలబెట్టే ఆధారం ఉండదు. ఖాళీ అయిన చోటికి తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలతో సహా పాకి వస్తుంది.

మూలకణానికి రెండు లక్షణాలు ఉండాలి: తనలాంటి కణాన్ని మళ్లీ పుట్టించుకోగలగాలి, వేరే పని చేసే కణంగానూ మారగలగాలి. ఈ మాటకు ప్రయోగపూర్వక ఆధారం దొరికింది 1961లో. టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ రేడియేషన్‌కు గురిచేసిన ఎలుకలకు ఎముక మూలుగ కణాలను ఎక్కించినప్పుడు, వాటి ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలుగా కొత్త రక్తకణాల గుంపులు కనిపించాయి. మనుషులకు మూలుగ ఎక్కించే ప్రయత్నాన్ని అమెరికా వైద్యుడు డోనాల్ థామస్ అంతకుముందే, 1957లో మొదలుపెట్టారు. 1990లో ఆయనకు నోబెల్ దక్కింది. మన దేశంలో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1983లో మూలుగ మార్పిడి చేసింది. లుకేమియా, తలసీమియా వంటి రక్తవ్యాధులకు ఇదే నేటికీ అన్నిటికంటే గట్టిగా రుజువైన మూలకణ చికిత్స.

కంటి విషయం నెమ్మదిగా తేలింది. లింబస్ మీద అనుమానం 1971లోనే వెలిబుచ్చినా, మూలకణాలు అక్కడే ఉన్నాయనడానికి బలమైన ఆధారం 1986లో వచ్చింది. 1989లో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు ఆరోగ్యంగా ఉన్న కంటి అంచు నుంచి ముక్కలు తీసి దెబ్బతిన్న కంటికి అమర్చారు. ఆ పద్ధతిలో మంచి కన్నుకు కూడా చేటు జరుగుతుందేమోనన్న భయం ఉండేది. 1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు చిన్న ముక్కను ప్రయోగశాలలో పెంచి ఆ భయాన్ని తగ్గించారు గానీ, అలాంటి ప్రయోగశాల నడపడం ఖరీదైన వ్యవహారం.

ఈ చిక్కుకు విడుపు హైదరాబాదులో దొరికింది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ (దాని ప్రాంగణం విజయవాడ పక్కనే తాడిగడపలోనూ ఉంది) మొదట ప్రయోగశాలలో కణాలను పెంచి అమర్చేది. 2012లో అక్కడి వీరేందర్ సాంగ్వాన్ బృందం ఇంకా సులువైన పద్ధతిని ప్రకటించింది. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్క తీసి, దాన్ని ఎనిమిది, పది నలుసులుగా కోస్తారు. దెబ్బతిన్న కంటిపై పేరుకున్న పొరను ఒలిచి, ప్రసవంలో వచ్చిన మాయ నుంచి సేకరించిన పలుచని ఉమ్మపొరను పరుస్తారు. చూపు పడే నడిమి భాగాన్ని వదిలి, నలుసులను దాని చుట్టూ జిగురుతో అంటించి కాంటాక్ట్ లెన్స్ మూత పెడతారు. కణాలు పెరగడానికి ప్రయోగశాల అక్కర్లేదు, రోగి కన్నే ఆ పని చేస్తుంది. మామూలు ఆపరేషన్ థియేటర్‌లో చేయగల ఈ పద్ధతి సున్నంతో ఒక కన్ను కోల్పోయిన పేద కుటుంబాలకు ఎంత మేలో చెప్పనలవి కాదు. రెండు కళ్లూ కాలినవారికి మాత్రం ఇతరుల కణాలు అమరిస్తే, వాటిని శరీరం తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు తప్పవు.

1998లో మానవ పిండ మూలకణాలను వేరుచేయడం, 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనకా ఎలుక చర్మకణాలను మూలకణాల స్థితికి మళ్లించడం ఆశలను అమాంతం పెంచాయి. ఆ ఆశలను చూపి మోకాళ్ల నొప్పులకూ పక్షవాతానికీ పిల్లల ఆటిజానికీ ఇంజెక్షన్లు అమ్మేవారు పుట్టుకురావడం బాధాకరం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన రక్తవ్యాధుల చికిత్సకు బయట మూలకణాల వాడకమంతా పరిశోధన కిందే లెక్క. ప్రసవానికి ముందు బొడ్డుతాడు రక్తం దాచుకోమని కరపత్రం అందుకునే దంపతులు తెలుసుకోవలసినదీ అందులోనే ఉంది: బిడ్డ తన కోసమే రేపు వాడుకోవడానికి దాన్ని నిల్వ చేయడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఇంజెక్షన్ వేస్తామన్న వైద్యుణ్ణి ముందు అడగవలసినది, ఆ ప్రయోగం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా అని. నమోదైన ప్రయోగమే అయితే, అందులో పాల్గొనే రోగి దగ్గర డబ్బు తీసుకోవడం ఆ మార్గదర్శకాలకు విరుద్ధం.