కారు మడ్‌ఫ్లాప్‌లు: షాపులో రోజూ వినే అపోహలు, బిగించేటప్పుడు తెలిసే వాస్తవాలు

మే నెలాఖరు వచ్చిందంటే రాణిగంజ్‌లో మా షాపు ముందు కార్లు వరస కడతాయి. వైపర్ బ్లేడ్లు, డోర్ వైజర్లు, మడ్‌ఫ్లాప్‌లు, ఈ మూడింటికే సగం గిరాకీ. వైపర్ల గురించి ఎవరికీ పేచీ ఉండదు. మడ్‌ఫ్లాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట పట్టుకొని వస్తారు. పదిహేడేళ్లుగా కార్ డెకార్స్ పనిలో ఉన్నాను. కొత్తవి ఎన్ని బిగించానో, వేరేచోట బిగించినవి విప్పి సరిచేసినవీ దాదాపు అన్నే ఉంటాయి. చక్రాల వెనకాల వేలాడే ఈ చిన్న రబ్బరు ముక్క గురించి నేను ఎక్కువ నేర్చుకున్నది విప్పినప్పుడే.

అపోహ: మడ్‌ఫ్లాప్ వానాకాలం సరుకు, బురదకే పనికొస్తుంది

పేరులోనే బురద ఉంది కాబట్టి అందరూ అలాగే అనుకుంటారు. బురద కడిగితే పోతుంది. పోనిది రాయి దెబ్బ. టైరు గాడుల్లో చిన్న చిన్న కంకర రాళ్లు ఇరుక్కుంటాయి. కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, బాడీతో పోల్చి చూసినప్పుడు టైరు పైపొర కూడా అదే వేగంతో తిరుగుతుంటుంది. ఇరుక్కున్న రాయి ఊడిందంటే ఆ ఊపుతోనే వెనక్కి, పైకి ఎగురుతుంది. ముందు చక్రం వెనకాల దానికి ఎదురుగా ఉండేది ఫెండర్ చివర, డోర్ కింద ఉండే సిల్, డోర్ అంచు. కంపెనీ పెయింటు ప్రైమర్ నుంచి పైన క్లియర్ కోట్ దాకా అన్ని పొరలూ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ మందం రాయికి ఎంతసేపు ఆగుతుంది?

మొన్న చేవెళ్ల రోడ్డు మీద రోజూ తిరిగే తెల్ల హ్యాచ్‌బ్యాక్ ఒకటి వచ్చింది. కొని మూడేళ్లు, ఫ్లాప్‌లు లేవు. ఓనరు నిలబడి చూసి "బండి నీట్‌గానే ఉంది గదన్నా" అన్నారు. "ఒక్కసారి కూర్చొని ఇక్కడ వేలు పెట్టి చూడండి సార్" అన్నాను. ముందు చక్రం వెనక సిల్ మీద వేలు జరిపితే ఉప్పు కాగితంలా గరగరలాడింది. ఆవగింజంత మచ్చలు. ఒక్కో మచ్చ మధ్యలో పెయింటు లేచి నల్లటి చుక్క, నాలుగైదు చోట్ల అప్పుడే ఎర్రగా తుప్పు. జానెడు పైకి పోతే వేలికి అద్దంలా నున్నగా తగిలింది. ఆ దెబ్బలన్నీ వానలో తగిలినవి కావు. రోడ్డు పనులు జరిగే చోట పరిచిన కంకర, టిప్పర్లు ఒలకబోసే మొరం, ఎండాకాలం అంటుకునే తారు చుక్కలు, ఏడాది పొడుగునా అక్కడికే వచ్చి తగులుతాయి.

అపోహ: లోపల కంపెనీ లైనర్ ఉంది, అది చాలు

లైనర్ అంటే చక్రం గూటి లోపల ఉండే కవచం, అది చక్రం పైనున్న గూటిని కాపాడుతుంది. చక్రం వెనకాల కిందికి వేలాడేది అది కాదు. చాలా మోడళ్లకు కంపెనీలే మడ్‌ఫ్లాప్‌ను యాక్సెసరీగా విడిగా అమ్ముతాయి. కారుతో పాటు రాలేదు కాబట్టి అక్కర్లేదని అనుకోనక్కర్లేదు.

అపోహ: ఎంత పెద్దదైతే అంత మంచిది

కుర్రాళ్లు ఫోనులో ర్యాలీ కారు ఫొటో చూపించి "ఇట్లాంటివే గావాలె అన్నా" అంటారు. అంతర్జాతీయ ర్యాలీ నిబంధనల్లో ఆ ఫ్లాప్ కనీసం 4 మిల్లీమీటర్ల మందం మెత్తటి ప్లాస్టిక్‌తో ఉండాలి, కారు ఆగి ఉన్నప్పుడు కింది అంచు నేలకు 10 సెంటీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మట్టి రోడ్డు మీద రాళ్ల వాన కురిపించే పందెం కార్లకు అది సబబు. మన కారు సాయంత్రం ఇంటికి పోయి సెల్లార్‌లోకి దిగాలి. ర్యాంపు అంచు దగ్గర, కాలనీలో చేతికొచ్చినట్టు పోసిన స్పీడ్ బ్రేకర్ దగ్గర నేలకు వేలాడే ఫ్లాప్ రోజూ గీసుకుంటుంది.

ముందుకు పోతూ గీసుకుంటే వెనక్కి మడుచుకుంటుంది, పెద్ద నష్టం లేదు. నష్టమంతా రివర్స్‌లోనే. సెల్లార్ పార్కింగ్‌లో వీల్ స్టాపర్ తగిలేదాకా వెనక్కి పోతాం కదా, అప్పుడు వెనక ఫ్లాప్ టైరుకు, స్టాపర్‌కు మధ్య ఇరుక్కుంటుంది. వెనక్కి దొర్లే టైరు వెనక వైపు కిందికి తిరుగుతుంది కాబట్టి ఇరుక్కున్న ఫ్లాప్‌ను తనతో పాటు కిందికి లాగేస్తుంది. క్లిప్పులు తెగుతాయి, ఒక్కోసారి బంపర్ మూల కూడా ఊడొస్తుంది. ఇలా వచ్చిన కార్లు ప్రతి సీజన్‌లో చూస్తాను.

అందుకే కొలత ఖాళీ కారు మీద తీయను. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టమంటాను, ఎవరూ లేకపోతే మా కుర్రాళ్లే ఎక్కుతారు. కారు అలా దిగినప్పుడు కూడా ఫ్లాప్ అంచు కింద నాలుగైదు అంగుళాల ఖాళీ మిగలాలి. పొడవు కంటే వెడల్పును పట్టించుకోండి. కారు వెనక కాస్త దూరం పోయి కూర్చొని చూస్తే టైరు ఫ్లాప్ పక్క నుంచి తొంగి చూడకూడదు. వెడల్పాటి అల్లాయ్‌లు వేయించిన కార్లలో ఇదే తప్పుతుంది. ఫ్లాప్ ఉంటుంది, టైరు బయటి అంచు విసిరే నీళ్లు మాత్రం డోర్ మీదే పడతాయి.

అపోహ: అన్నీ ఒకటే, యూనివర్సల్ వేసెయ్

"స్విఫ్ట్‌కి ఒక సెట్ ఇవ్వు" అంటారు. ఏ స్విఫ్ట్? 2005లో వచ్చిందా, 2011దా, 2018దా, 2024దా? పేరు ఒకటే అయినా చక్రం చుట్టూ ఉండే అంచు వంపు, స్క్రూ రంధ్రాల చోటు తరం మారితే మారిపోతాయి. అందుకే ఏ ఏడాది మోడలో ఆర్‌సీ చూసి చెప్పమంటాను. ఆ మోడల్ కోసం అచ్చు పోసిన ఫ్లాప్ బాడీ వంపును పట్టుకొని కూర్చుంటుంది. చదునుగా ఉండే యూనివర్సల్ ముక్కను ఆ వంపు మీద బలవంతంగా వంచితే సందు మిగులుతుంది, ఆ సందులో మట్టి చేరుతుంది. మీ మోడల్‌కు అచ్చు ఫ్లాప్ దొరకనప్పుడు యూనివర్సల్ రబ్బరు వేయవచ్చు, దాన్ని కొలిచి, కోసి, అంచులు సరిచేసే ఓపిక ఉన్నవాళ్ల చేత.

సరుకు మంచిదో కాదో చేత్తోనే తెలుస్తుంది. ఫ్లాప్‌ను రెండు చేతులతో పట్టుకొని బాగా వంచండి. వంచిన చోట తెల్లటి గీత పడితే అది గట్టి ప్లాస్టిక్, మన ఎండలకు పెళుసుబారి మొదటి దెబ్బకే చీలుతుంది. గీత పడకుండా మెల్లగా మళ్లీ పాత ఆకారానికి వస్తే తీసుకోండి. రబ్బరైనా, టీపీఈ (రబ్బరులా వంగే ప్లాస్టిక్) అయినా, మెత్తటి పీవీసీ అయినా ఈ ఒక్క పరీక్ష చాలు.

అపోహ: రెండు స్క్రూలు కొడితే అయిపోయే ఐదు నిమిషాల పని

ఈ మాట ఒకప్పుడు నేనూ నమ్మాను. పనిలో చేరిన రెండో ఏడు, ఒక సెడాన్‌కు ఫ్లాప్‌లు బిగిస్తూ ఫెండర్ ఇనుప అంచుకు నేరుగా డ్రిల్ పెట్టి సెల్ఫ్ స్క్రూలు దించాను. గట్టిగా నిలిచాయి, ఓనరు సంతోషంగా పోయారు. రెండో వానాకాలం దాటాక అదే కారు తిరిగొచ్చింది. స్క్రూ చుట్టూ పెయింటు బుడగలా ఉబ్బింది. గోటితో గీరితే పొర లేచి కింద ఎర్రటి పొడి రాలింది. రంధ్రం చేసినప్పుడు తేలిన పచ్చి ఇనుముకు నేను ఏ పూతా పూయలేదు. నీళ్లు అక్కడి నుంచే లోపలికి దిగాయి. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. "నేర్చుకో బిడ్డా" అన్నారంతే. ఆ ఫెండర్ పెయింటింగ్ నా జీతంలోంచి కట్టాను. ఇప్పటికీ డ్రిల్ చేతిలోకి తీసుకునే ముందు ఆ బుడగ కళ్ల ముందుకొస్తుంది.

ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను, మీ కారుకు ఎవరు బిగించినా పక్కన నిలబడి చూసుకోవచ్చు. ముందు చక్రం దగ్గర స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పితే లైనర్ స్క్రూలు కనిపిస్తాయి. కొన్ని కార్లకు స్టార్ స్క్రూలు, కొన్నిటికి 10 నంబర్ బోల్టులు, కొన్నిటికి ప్లాస్టిక్ క్లిప్పులు. చాలా మోడళ్లలో ఫ్లాప్ ఆ పాత రంధ్రాలకే సరిపోయేలా వస్తుంది, కొత్త రంధ్రం అవసరమే రాదు. అదనపు పట్టు కావాలంటే అంచుకు తొడిగే యూ క్లిప్ ఉంటుంది. వెనక చక్రాల దగ్గర చోటు తక్కువ, జాకీ పెట్టి చక్రం విప్పి చేస్తేనే పని శుభ్రంగా వస్తుంది.

బిగించే ముందు ఆ చోటంతా కడిగి, తుడిచి, ఆరనివ్వాలి. ఫ్లాప్ బాడీకి ఆనుకునే చోట పారదర్శకమైన రక్షణ ఫిల్మ్ అంటిస్తాను, అది వేలెడు వెడల్పు పట్టీ మాత్రమే. స్క్రూలన్నీ ముందు వదులుగా పెట్టి, ఫ్లాప్ నిలువుగా ఉందో లేదో చూసి, అప్పుడు చేత్తో బిగించాలి. ఇంపాక్ట్ గన్ పెడితే ప్లాస్టిక్‌లో మర అరిగిపోతుంది, స్క్రూ ఊరికే తిరుగుతుంటుంది. చివరగా స్టీరింగ్ కుడికి పూర్తిగా, ఎడమకు పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా తగులుతోందేమో చూడాలి. తప్పనిసరై డ్రిల్ చేయాల్సి వస్తే వెనకాల సెన్సర్ వైరో ఇంకోటో పోవడం లేదని లైనర్ జరిపి చూశాకే చేస్తాను. రంధ్రం అంచుకు జింక్ ప్రైమర్, దాని మీద పెయింటు, అది ఆరాక స్క్రూ. నాలుగు చక్రాలకూ కలిపి గంట పడుతుంది. ఐదు నిమిషాల్లో చేస్తామన్న చోట వీటిలో ఏది వదిలేస్తున్నారో అడగండి.

అపోహ: మడ్‌ఫ్లాప్ పెడితే తుప్పు పడుతుంది

ఇందులో సగం నిజం ఉంది. తుప్పు తెచ్చేది ఫ్లాప్ కాదు, దాని వెనక ఇరుక్కున్న తడి మట్టి. ఫ్లాప్‌కు, పెయింటుకు మధ్య ఇసుక చేరితే కారు కదిలినప్పుడల్లా పెయింటును అరగదీస్తుంది కూడా. కొందరు ఆ సందును సిలికాన్‌తో మూసేయమంటారు. అది మరీ ప్రమాదం, లోపలికి దిగిన నీరు బయటికి పోయే దారి ఉండదు. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఫ్లాప్ వెనక నుంచి కూడా నీళ్లు కొట్టమని చెప్పండి. వానాకాలం అయిపోయాక ఒకసారి విప్పించి, తుడిపించి మళ్లీ బిగించుకుంటే ఆ భయం ఉండదు.

అపోహ: మైలేజీ పడిపోతుంది

గాలి ఒరిపిడి వేగం పెరిగేకొద్దీ వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో దాని ఊసే ఉండదు. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద 100కు పైన పోయేవాళ్లకు లెక్కలో కొంత ఉంటుంది, సరైన కొలత ఫ్లాప్‌తో అది స్వల్పమే. టైర్లలో గాలి తగ్గితే పోయే పెట్రోలు గురించి ముందు ఆలోచించండి.

అపోహ: వెనకవి దండగ, ముందు రెండు చాలు

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. ముందు ఫ్లాప్‌లు మీ డోర్లను కాపాడతాయి. వెనకవి మీ బంపర్ మూలలను కొంత కాపాడతాయి, మిగతాదంతా మీ వెనక వచ్చేవాళ్ల కోసం. మన రోడ్ల మీద కారు వెనకాల ఎప్పుడూ ఒక బండి ఉంటుంది. ముందు పిల్లను నిలబెట్టుకున్న తండ్రో, భుజాన డెలివరీ బ్యాగు వేసుకున్న కుర్రాడో. వానలో మీ వెనక టైరు లేపిన మురికి నీళ్లు అతని హెల్మెట్ అద్దం మీద పడితే, ఒక చేత్తో తుడుచుకునేదాకా అతనికి దారి కనబడదు. ఎండాకాలమైతే అదే టైరు కంకర విసురుతుంది. నేను 11 ఏళ్లు బండి మీదే పనికొచ్చాను, ఆ నీళ్ల దెబ్బ ముఖం మీద ఎలా ఉంటుందో తెలుసు. డబ్బు సరిపోవడం లేదంటే ముందువి ఇప్పుడు, వెనకవి వచ్చే నెల వేయించుకోండి, అసలు వద్దని మాత్రం అనకండి.

బిగించుకొని పోయాక ఓ 500 కిలోమీటర్లు తిరిగి మళ్లీ రమ్మంటాను. రబ్బరు కాస్త సర్దుకొని స్క్రూలు వదులవుతాయి. రాలేకపోతే ఇంటి దగ్గర ఫ్లాప్ కింది అంచు పట్టుకొని కాస్త ఊపి చూడండి. రబ్బరు మాత్రమే ఊగితే సరే. పై అంచు కూడా కదిలి టకటకమంటే స్క్రూలను మరో పావు తిప్పు బిగించండి.